ల్యాబ్‌కు తాళం పడ్డాక

నంద్యాల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే ఆళ్లగడ్డ పిల్లలకు కంప్యూటర్ ల్యాబ్ అంటే వారానికి రెండు మూడు పూటల మాట. మూడు గంటల సెషన్‌లో కొంత హాజరుకు, కొంత రికార్డు సంతకాలకు పోతుంది. మిగిలిన సమయంలోనే ప్రోగ్రామ్ ఎక్కించాలి, తప్పులు దిద్దుకోవాలి, ఔట్‌పుట్ సారుకు చూపించాలి. సాయంత్రం కాలేజీ బస్సు కదిలే వేళకు ల్యాబ్‌కు తాళం పడుతుంది. లోపలున్న సిస్టమ్‌లు మర్నాడు పొద్దున దాకా ఊరికే ఉంటాయి. నలభై కిలోమీటర్లకు పైగా అవతల, అవి చేసిపెట్టగల పని చేతిలో పట్టుకుని విద్యార్థి కూడా ఊరికే ఉంటాడు. అతని దగ్గర ఉన్నది ఒక స్మార్ట్‌ఫోన్, మహా అయితే అన్నయ్య వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్.

తాళం వేసిన ల్యాబ్‌లోని మిషన్ చేత ఇంటి నుంచి పని చేయించుకోవచ్చా? సాంకేతికంగా చూస్తే ఇది అరవై ఏళ్ల కిందటే తేలిన ప్రశ్న. మన కాలేజీల్లో ఇంకా తేలనివి మిగతా సంగతులు: ఎంతవరకు తెరవాలి, ఎవరు కాపలా ఉండాలి, ఖర్చెంత, చదువుకు ఒరిగేదేమిటి. ఈ వ్యాసం వాటి గురించే.

ఊరికీ ప్రశ్నకూ సంబంధం

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. చదువుల కేంద్రంగా అంతకు చాలా ముందే పేరుంది. రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగ్ కాలేజీ 1995లో, శాంతిరామ్ ఇంజనీరింగ్ కాలేజీ 2007లో వచ్చాయి. రెండూ నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద, కర్నూలు వైపున ఉన్నాయి. ఆళ్లగడ్డ అదే రహదారి మీద కడప వైపున ఉంది. అంటే ఆళ్లగడ్డ విద్యార్థి రోజూ నంద్యాలను దాటి అవతలికి పోవాలి, మళ్లీ దాటి ఇవతలికి రావాలి. "సాయంత్రం ల్యాబ్‌లో ఇంకో గంట కూర్చోరాదూ" అన్న సలహా హాస్టల్ పిల్లలకు పనికొస్తుంది, డే స్కాలర్లకు కాదు. ఆడపిల్లల విషయంలో అయితే ఇంట్లోవాళ్లు ఆ మాటే వినిపించుకోరు.

మరోవైపు చదువు స్వభావం మారింది. సీ ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ దాకా ఏ పాత కంప్యూటరైనా సరిపోయేది. ఇప్పుడు కృత్రిమ మేధ, డేటా సైన్స్ బ్రాంచీలు వచ్చాయి. ఆకుల ఫొటోలు చూసి తెగులు గుర్తించే ప్రోగ్రామ్‌ను ఫైనలియర్ ప్రాజెక్టుగా తీసుకున్నారనుకోండి. శనగ, పత్తి పరిశోధనలకు పేరున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నంద్యాలలోనే ఉంది కనుక ఇలాంటి అంశం సహజంగానే తడుతుంది. వేల ఫొటోల మీద నమూనాకు శిక్షణ ఇవ్వడం మూడు గంటల సెషన్‌లో ముగిసే పని కాదు. ఆళ్లగడ్డ శిల్పుల సంగతీ అంతే. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ రాతి శిల్పాలకు అన్ని వైపుల నుంచి వందల ఫొటోలు తీసి త్రిమితీయ రూపం కట్టవచ్చు. దానికి కోల్‌మ్యాప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో బరువైన దశకు మాత్రం మంచి గ్రాఫిక్స్ కార్డున్న మిషన్ రాత్రంతా నడవాలి. అలాంటి మిషన్ ఇంట్లో ఉండదు. ఉంటే గింటే కాలేజీలో ఉంటుంది, రాత్రయితే దానికి తాళం ఉంటుంది.

కొత్త కోరికేమీ కాదు

దూరం నుంచి కంప్యూటర్‌ను వాడటం అసలు విశ్వవిద్యాలయాల్లోనే పుట్టింది. కార్డులకు రంధ్రాలు కొట్టి, కట్ట కట్టి ఆపరేటర్‌కు ఇచ్చి, ఫలితం కోసం మర్నాడు రావడం తొలినాటి పద్ధతి. కాన్పూర్ ఐఐటీకి 1963లో ఐబీఎం 1620 వచ్చిన కొత్తలో మన దేశంలోనూ అలాగే నేర్చుకున్నారు. ఆ ఎదురుచూపు భరించలేకే అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం 1961లో ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో టెర్మినళ్ల నుంచి వాడుకునే పద్ధతిని చూపింది. ఎవరి ఫైళ్లు వారికి విడిగా ఉండాలి కనుక పాస్‌వర్డ్ కూడా ఆ వ్యవస్థలోనే వాడుకలోకి వచ్చింది.

పాస్‌వర్డ్ దొంగతనమూ అక్కడే మొదలైంది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల కోటా ఉండేది. తన పనికి అది చాలక, 1962లో ఒక శుక్రవారం రాత్రి పాస్‌వర్డ్‌ల ఫైలును ప్రింటు తీయించి ఇతరుల ఖాతాల్లో దూరాడు. పాతికేళ్ల తర్వాత ఆయనే ఆ సంగతి బయటపెట్టాడు. విద్యార్థికి మిషన్ గంటలు ఎప్పుడూ చాలవనీ, న్యాయమైన దారి లేకపోతే దొడ్డిదారి వెతుక్కుంటాడనీ ఆ రోజే తేలిపోయింది. ల్యాబ్ ఇన్‌చార్జులు గుర్తుంచుకోవలసిన కథ ఇది.

మన దగ్గర 1986లో మొదలైన ఎర్నెట్ ప్రధాన విద్యాసంస్థలను కలిపింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు విద్యార్థులకు చవగ్గా దొరికింది షెల్ అకౌంట్. బొమ్మలుండవు, నల్ల తెర మీద అక్షరాలే. ఫోన్ లైన్ మీద ఆ సంస్థ కంప్యూటర్‌లోకి లాగిన్ అయి అక్కడే పని చేసుకునేవారు. ఇప్పుడు మనం అడుగుతున్నది అదే పద్ధతి, అవతలి మిషన్ మాత్రం కాలేజీది.

నంద్యాలకు ఈ విషయంలో చెప్పుకోదగ్గ చుట్టరికం ఒకటుంది. 1991 ఉపఎన్నికలో ఇక్కడి నుంచి లోక్‌సభకు వెళ్లిన పీవీ నరసింహారావు, ఇంట్లో కంప్యూటర్ పెట్టించుకుని అరవై దాటిన వయసులో ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకున్నారు. ఆ వయసులో అది అబ్బిందంటే, కావలసినప్పుడల్లా మిషన్ ముందు కూర్చోగలగడం అందుకు పెద్ద కారణం.

ఒక రాత్రి పని ఎలా సాగుతుంది

ఆళ్లగడ్డలో రాత్రి తొమ్మిదింటికి ఒక విద్యార్థిని ఫోన్‌లో టెర్మక్స్ యాప్ తెరిచిందనుకుందాం. దూరపు మిషన్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశం టైపు చేసి, తన యూజర్ పేరు, కాలేజీ సర్వర్ చిరునామా ఇస్తుంది. ఫోన్‌లో దాచుకున్న రహస్య తాళంచెవి, సర్వర్‌లో ఉన్న దాని జత సరిపోయాయో లేదో రెండు మిషన్లూ చూసుకుంటాయి. తెర మీద డాలర్ గుర్తు వస్తుంది. ఇక అక్కడి నుంచి ఆమె వేళ్లు ఆళ్లగడ్డలో, పని నంద్యాలలో. ప్రోగ్రామ్ పేరు ముందు నోహప్ అని చేర్చి, చివర యాంపర్‌శాండ్ గుర్తు పెట్టి ఎంటర్ కొడుతుంది. లాగౌట్ అయినా పని ఆగవద్దని దాని అర్థం. ఫోన్ పక్కన పెట్టి పడుకుంటుంది. పొద్దున బస్సులో కూర్చుని మళ్లీ లాగిన్ అయి, టెయిల్ అన్న ఆదేశంతో లాగ్ ఫైలు చివరి పది వరుసలు చూస్తుంది. శిక్షణ ముగిసిందా, మధ్యలో ఎక్కడైనా ఎర్రర్ వచ్చిందా తెలిసిపోతుంది.

ఇందులో నెట్ మీదుగా పోయేది అక్షరాలే కాబట్టి డేటా ఖర్చు నామమాత్రం. అదే రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకుని కాలేజీ మిషన్ తెరనంతా ఫోన్‌లోకి తెచ్చుకుంటే గంటకు వందల ఎంబీలు పోవచ్చు, సిగ్నల్ తగ్గితే మౌస్ బాణం నత్తనడక నడుస్తుంది. దూరం అసలు అడ్డు కాదు. ఫైబర్‌లో నలభై కిలోమీటర్లు దాటడానికి సంకేతానికి సెకనులో ఐదువేలవ వంతు కాలం చాలు. ఇంటి నెట్ ఒక కంపెనీది, కాలేజీ నెట్ మరో కంపెనీది అయినప్పుడు మాత్రం సంకేతం తరచుగా ఏ హైదరాబాదుకో చెన్నైకో పోయి తిరిగి వస్తుంది. ఆ ఆలస్యం కూడా టైపు చేసుకునే పనికి పెద్దగా తెలియదు. కనెక్షన్ మాటిమాటికీ తెగే ఊళ్ల కోసం 2012లో ఎంఐటీ వాళ్లు తెచ్చిన మోష్ ఉంది. సిగ్నల్ పోయి వచ్చినా సెషన్ ఉన్నచోటే ఉంటుంది.

ల్యాబ్ మిషన్లన్నీ తెరవాలా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. ల్యాబ్‌ను దూరం నుంచి వాడటం అనగానే ఉన్న అరవై డెస్క్‌టాప్‌లనూ రాత్రంతా ఆన్‌లో ఉంచడమే అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ 50 వాట్లు వాడుతుందనుకున్నా, అరవై మిషన్లు 14 గంటల్లో 42 యూనిట్లు తింటాయి. 300 వాట్ల సర్వర్ ఒక్కటైతే అదే సమయానికి 4.2 యూనిట్లతో సరి. పైగా కరెంటు పోతే ల్యాబ్ యూపీఎస్ అరవై మిషన్లనూ ఎంతోసేపు మోయలేదు. సర్వర్ ఒక్కదాన్నయితే చాలాసేపు నిలబెడుతుంది.

ఇంకో చిక్కు విండోస్‌ది. మామూలు విండోస్ డెస్క్‌టాప్‌లో ఒకసారికి ఒక్కరే పని చేయగలరు. దూరం నుంచి ఒకరు లాగిన్ అయితే ఎదురుగా కూర్చున్నవారి తెర లాక్ అయిపోతుంది. హోమ్ ఎడిషన్‌కు రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటివారిని లోపలికి రానిచ్చే సదుపాయమే లేదు. పలువురు ఒకేసారి రావాలంటే విండోస్ సర్వర్, దాని మీద మనిషికింత అని లైసెన్సులు కొనాలి. లినక్స్‌కు ఆ బెడద లేదు. మెమరీ చాలినంత ఉంటే ఒక మాదిరి సర్వర్ మీదే ఒక సెక్షన్ విద్యార్థులంతా సీ, జావా, పైథాన్ ప్రోగ్రాములు చేసుకోగలరు. టైపు చేసేటప్పుడు ప్రాసెసర్ మీద పడే భారం దాదాపు శూన్యం. ప్రోగ్రామ్ నడిచే ఆ కొద్ది క్షణాలే దానికి పని.

ఖాళీ మిషన్లను వృథాగా పోనివ్వకూడదు అనుకునేవారికీ దారి ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన కాండార్ ఇందుకోసమే పుట్టింది. ఎవరూ వాడని కంప్యూటర్‌ను కనిపెట్టి వరుసలో ఉన్న పనిని దానికి అప్పగిస్తుంది, మనిషి వచ్చి కీబోర్డు ముట్టుకోగానే తప్పుకుంటుంది. ఆపేసిన మిషన్‌ను నెట్‌వర్క్ సంకేతంతో లేపే ఏర్పాటు కూడా చాలా బోర్డుల్లో ఉంటుంది. ఇదంతా రెండో మెట్టు. సర్వర్ ఒక్కటైనా సరిగా నడపడం అలవడ్డాకే దాని జోలికి పోవాలి.

గ్రాఫిక్స్ కార్డున్న మిషన్ ఒకటీ రెండూ ఉన్నచోట వంతులు తప్పవు. కేసీ కాల్వ కింద వంతుల పద్ధతి గట్టిగా లేకపోతే చివరి ఆయకట్టుకు నీళ్లు అందనట్టే, ఇక్కడా ముందు దూరినవాడే అంతా వాడేసుకుంటాడు. ఆ వంతులు చూసే సాఫ్ట్‌వేర్ పేరు స్లర్మ్. పెద్ద పెద్ద సూపర్ కంప్యూటర్ల మీద పనిచేసేదీ ఇదే, ఉచితంగా దొరుకుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో అడా అనే క్లస్టర్‌ను విద్యార్థులు వాడేది ఈ పద్ధతిలోనే. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి రావడం, పనిని వరుసలో పెట్టడం, వంతు వచ్చినప్పుడు అది నడవడం. అంత పెద్ద క్లస్టర్ నంద్యాలలో కట్టనక్కర్లేదు కానీ, ఆ పద్ధతిని ఒక్క మిషన్ మీదా అమలు చేయవచ్చు.

తలుపు తీస్తే వచ్చేది విద్యార్థులే కాదు

సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిస్తే విద్యార్థుల కన్నా ముందు దొంగలు వస్తారు. ఎస్‌ఎస్‌హెచ్ వాడే ఇరవై రెండో పోర్టు తెరిచి ఉంటే ప్రపంచంలో ఎక్కడెక్కడి యంత్రాలో రూట్, అడ్మిన్ వంటి పేర్లతో పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నిస్తూనే ఉంటాయి. మన కాలేజీల్లో హాల్ టికెట్ నంబరునే యూజర్ పేరుగా, దాన్నే పాస్‌వర్డ్‌గా పెట్టే అలవాటుంది. వరుస నంబర్లు కాబట్టి ఒకటి తెలిస్తే అరవై తెలిసినట్టే.

అసలు ఎస్‌ఎస్‌హెచ్ పుట్టుకే ఒక విశ్వవిద్యాలయం మీద జరిగిన దాడి వల్ల. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు పట్టుకున్నారు. అప్పట్లో వాడే టెల్‌నెట్ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టుగా తీగ మీద పంపేది. అక్కడి టాటు య్లోనెన్ మాటలన్నిటినీ రహస్య లిపిలోకి మార్చి పంపే పద్ధతి రాసి ఊరికే పంచిపెట్టాడు. అంతటి కవచానికీ తాళంచెవి పోతే గతి లేదని 2020 మేలో తేలింది. ఎడిన్‌బరోలోని బ్రిటన్ జాతీయ సూపర్ కంప్యూటర్ ఆర్చర్‌తో పాటు యూరప్‌లో పలు కేంద్రాలను మూసేయాల్సి వచ్చింది. దొంగిలించిన లాగిన్‌లతో లోపలికి దూరిన వాళ్లు కొన్నిచోట్ల క్రిప్టో నాణేలు తవ్వుకోవడానికి ఆ మిషన్లను వాడారు.

కనుక కనీస జాగ్రత్తలు ఇవి. పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా మాన్పించి తాళంచెవుల జత పద్ధతే ఉంచాలి. ముందు వీపీఎన్ దాటితేనే సర్వర్ కనిపించాలి. వైర్‌గార్డ్ వంటి ఉచిత వీపీఎన్ 2020 నుంచి లినక్స్‌లోనే కలిసి వస్తోంది. పరీక్షల విభాగం, ఫీజుల విభాగం ఉన్న నెట్‌వర్క్‌కూ ఈ సర్వర్‌కూ లోపల సంబంధం ఉండకూడదు. కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి, దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి. ఈ బాధ్యత మోసే మనిషి ఒకరు పేరుపెట్టి ఉండాలి.

బయటి దొంగలే కాదు, లోపలి అమాయకులూ ఉంటారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో, ఒక ప్రాసెస్ నుంచి మరొకదాన్ని పుట్టించే ఫోర్క్ గురించి కొత్తగా నేర్చుకున్న విద్యార్థి దాన్ని ముగింపు లేని లూప్‌లో పెడతాడు. ఒక ప్రాసెస్ రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అవుతూ క్షణాల్లో మిషన్ నిండిపోతుంది. ల్యాబ్‌లో అయితే అటెండర్ వచ్చి స్విచ్ నొక్కుతాడు. రాత్రి పదకొండింటికి నొక్కేదెవరు? ఒక్కో యూజర్‌కు ఇన్ని ప్రాసెస్‌లు, ఇంత మెమరీ అని ముందే హద్దు పెట్టాలి. లినక్స్‌లో అది కొన్ని వరుసల పని. ఆ వరుసలు రాయకపోతే మొదటి వారంలోనే సర్వర్ చతికిలపడుతుంది, "చూశారా, చెప్పానా" అని తాళం మళ్లీ పడుతుంది.

బయట దొరికేవి చాలవా?

గూగుల్ కొలాబ్ 2017 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. బ్రౌజర్‌లోనే పైథాన్ నడుస్తుంది, అప్పుడప్పుడు గ్రాఫిక్స్ కార్డూ దొరుకుతుంది. కానీ ఉచిత ఖాతాలో సెషన్ పన్నెండు గంటలకు మించదు, కాసేపు ముట్టుకోకపోతే ముందే మూసుకుపోతుంది. కార్డు దొరుకుతుందన్న హామీ లేదు. కేంద్ర విద్యాశాఖ పక్షాన 2009 నుంచి సాగుతున్న వర్చువల్ ల్యాబ్స్‌లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాత్ర పెద్దది. భావనలు అర్థం చేసుకోవడానికి అవి మంచివే, కరోనా కాలంలో ఎందరినో ఆదుకున్నాయి. మన సొంత ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపడానికి మాత్రం కాదు. జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద హైదరాబాద్ ఐఐటీలో పెట్టిన పరమ్ సేవ సామర్థ్యం 838 టెరాఫ్లాప్‌లు. అది పరిశోధకుల కోసం, బీటెక్ రికార్డుల కోసం కాదు. 2024 మార్చిలో కేంద్రం ఆమోదించిన సుమారు 10,372 కోట్ల రూపాయల ఇండియా ఏఐ మిషన్ తగ్గింపు ధరకు గ్రాఫిక్స్ గంటలు ఇస్తోంది. ప్రాజెక్టు స్థాయికి ఎదిగినవారు అటు చూడవచ్చు.

మనిషికో ల్యాప్‌టాప్ ఇచ్చేయడం ఇంకో దారి. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇడుపులపాయ తదితర క్యాంపస్‌లలో ఆ పద్ధతే పట్టింది. అంతకంటే మేలైన ఉపాయం లేదు, అంత ఖర్చైనదీ లేదు. ఆ స్తోమత లేని కాలేజీకి మిగిలే దారి ఉన్న మిషన్‌ను పంచడం.

చదువుకు ఒరిగేదేమిటి

అధ్యాపకుల అనుమానం ఒకటుంది. ఇంటి నుంచి చేయనిస్తే ఒకరు రాసింది అరవైమంది కాపీ కొడతారని. ఆ కాపీ ఇప్పుడూ జరుగుతూనే ఉంది, పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో. సర్వర్ మీదైతే ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఫైలు ఎప్పుడు మారింది అన్నది కనిపిస్తుంది. అది నిఘా సాధనంగా దిగజారకూడదు కానీ వైవాలో సరైన ప్రశ్న అడగడానికి సాయపడుతుంది. హాజరు మాత్రం ల్యాబ్‌లోనే తీసుకోవాలి. రాత్రి లాగిన్‌ను హాజరుకు ముడిపెడితే వేరొకరి చేత లాగిన్ చేయించే విద్య వెంటనే పుడుతుంది.

అసలు లాభం వేరే ఉంది. నల్ల తెర మీద లినక్స్ ఆదేశాలతో దూరపు సర్వర్‌ను నడపడం నేటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రోజువారీ పని. క్లౌడ్ అన్నది చివరికి ఎక్కడో ఉన్న వేరేవాళ్ల కంప్యూటరే. కాలేజీ సర్వర్‌లో తాళంచెవి తయారు చేసుకుని, లాగ్ ఫైలు చదివి, తన పనికి తనే వంతు పెట్టుకున్న విద్యార్థికి హైదరాబాదులోనో బెంగళూరులోనో మొదటి వారం బెదురు ఉండదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డబ్బు కట్టి నేర్చుకునే సంగతిలో సగం ఇక్కడే వస్తుంది.

తేల్చి చెప్పాలంటే

ల్యాబ్ మొత్తాన్ని రాత్రంతా తెరవడం వృథా, ప్రమాదం కూడా. ఏమీ తెరవకపోవడం అంతకంటే పెద్ద వృథా. మధ్యేమార్గం స్పష్టంగా ఉంది. ఒక లినక్స్ సర్వర్, దాని ముందు వీపీఎన్, మనిషికో తాళంచెవి, మనిషికింత అన్న హద్దు, పేజీకి మించని నియమావళి, నెల నెలా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే బాధ్యుడు ఒకరు. ఇందులో కొనాల్సింది సర్వర్ మాత్రమే, అదీ చాలా కాలేజీల్లో ఏ మూలనో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. కొరత ఉన్నది మనిషి దగ్గర. సిస్టమ్ అడ్మిన్‌ను ప్రింటర్లు బాగుచేసే మనిషిగా చూసినంతకాలం ఈ పని సాగదు.

నంద్యాల కాలేజీల యాజమాన్యాలకు ఒక విన్నపం. ఒక్క సెమిస్టర్, ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టి చూడండి. అందులో ముందు డే స్కాలర్లకు ఖాతాలివ్వండి. ఆళ్లగడ్డ, సిరివెళ్ల, చాగలమర్రి వైపు నుంచి వచ్చే పిల్లలకు చోటు దక్కేలా చూడండి. సెమిస్టర్ చివర లాగ్‌లు తీసి, తాళం పడ్డాక ఎన్ని గంటల పని జరిగిందో లెక్క కట్టండి. కొనసాగించాలో వద్దో ఆ లెక్కను చూసి నిర్ణయించండి. విద్యార్థులకూ ఒక మాట: ఎవరో ఇచ్చేదాకా ఆగకండి, మీ హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లి లినక్స్ సర్వర్‌లో ఖాతా కావాలని రాతపూర్వకంగా అడగండి.